గోడవతల చింతచెట్టు

మా బండి మూడు గంటలు ఆలస్యమని షాలిమార్ స్టేషన్ బోర్డు మీద కనిపించగానే నాకు ఒళ్ళు మండింది. పిన్ని మాత్రం అన్నం డబ్బా ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని, బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని తీరిగ్గా కూర్చుంది. డెబ్భై దాటిన మనిషి. మోకాళ్ళు పట్టేస్తున్నాయని ఇంట్లో రోజుకి పదిసార్లు అంటుంది గానీ, ఊరెళ్ళే బండి పేరెత్తితే ఆ మోకాళ్ళే ఎక్కడలేని బుద్ధీ తెచ్చుకుంటాయి. తన చెల్లెలి మనవరాలి పెళ్ళికి ఇద్దరం శ్రీకాకుళం బయల్దేరాం.

"మన కోటర్సులు ఈ పక్కనే గదే," అంది కాసేపటికి. "ఆ సెట్టు ఉందో నేదో."

ఏ చెట్టని నేను అడగలేదు. మా ఇద్దరి మధ్యా చెట్టంటే ఒకటే.

నేను భవానీపూర్‌లో కాపురం పెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. నది దాటితే షాలిమార్. ఇన్నేళ్ళలో ఈ స్టేషన్లో ఎన్నో బండ్లు ఎక్కాను, ఎన్నో బండ్లు దిగాను. ఆ చెట్టు దగ్గరికి మాత్రం ఒక్కసారి కూడా వెళ్ళలేదు. తీరిక లేదని చెప్పుకునేదాన్ని. అది అబద్ధం. అక్కడ నేను చేసిన పని ఒకటుంది. మళ్ళీ ఆ చెట్టు ముందు నిలబడాలంటే సిగ్గు.

మా నాన్న షాలిమార్ గూడ్స్ యార్డులో వ్యాగన్లు దించే ముఠాలో ఉండేవాడు. యార్డు గోడని ఆనుకుని రేకుల కప్పుల వరస ఒకటి ఉండేది. పన్నెండు గదులు, పన్నెండు కుటుంబాలు, అందరూ మా శ్రీకాకుళం వైపు వాళ్ళే. పొద్దున్నే లేస్తే తడిసిన జనపనార వాసన, బొగ్గు వాసన. ఎండెక్కితే పట్టాల కింది దుంగల నుంచి తారు వాసన. మధ్యాహ్నం గాలి తిరిగిందంటే గోడవతలి బెంగాలీ వాడలోంచి ఆవనూనెలో చేప వేగే వాసన వచ్చేది. మా వరసలో ఆడవాళ్ళు ముక్కు మూసుకునేవారు. మేము ఉప్పుచేప కాల్చిన రోజున వాళ్ళు కిటికీలు మూసుకునేవారు. పోట్లాట మాత్రం ఎప్పుడూ రాలేదు.

గోడకి ఒకచోట మనిషి దూరేంత కన్నం ఉండేది. అందులోంచి దూరితే ఎదురుగా చింతచెట్టు. పదిమంది పిల్లలం చేతులు కలిపినా మొదలు చుట్టూ అందేది కాదు. దాని వయసెంతని ఎవర్నడిగినా తాతల తాతలు పుట్టక ముందుదనేవారు. పట్టాలు వేయించిన దొరలు దాన్ని కొట్టించబోతే, గొడ్డలి వేసినవాడు అక్కడికక్కడే నెత్తురు కక్కుకున్నాడట. అందుకే యార్డు గోడ తిన్నగా వచ్చి వచ్చి అక్కడ వంకర తిరిగిందట. నెత్తురు సంగతేమో గానీ, గోడ వంకర తిరిగిన మాట నిజం.

ఆ చెట్టు మీద శాక్‌చున్ని ఉంటుందని నాకు చెప్పింది గోడవతలి నా స్నేహితురాలు. శాక్‌చున్ని అంటే అల్లాటప్పా దెయ్యం కాదు. మొగుడు బతికుండగానే, చేతులకి శంఖు గాజులతో, పాపిట్లో సిందూరంతో పోయిన ఆడమనిషి. సంసారం మీద ఆశ తీరక చెట్టెక్కి కూర్చుంటుంది. కొత్త కోడళ్ళంటే దానికి పడదు. కొత్త కోడలి ఒంటి మీది వస్తువేదైనా చెట్టు దగ్గర దొరికిందా, వాసన పట్టుకుని ఇంటిదాకా వచ్చి ఆవిడని పట్టుకుంటుంది. సంజెవేళ కొమ్మల్లో గాజుల చప్పుడు కూడా వినిపిస్తుందట. చెబుతూ చెబుతూ నా స్నేహితురాలు తనే భయపడిపోయి నా చెయ్యి పట్టుకుంది.

నాకు భయం వేయలేదు. వేరే ఆలోచనలో పడ్డాను. అంతకు ముందటి ఏడాదే మా అమ్మ పురిట్లో పోయింది. చేతుల నిండా గాజులు వేసి, ఇంత బొట్టు పెట్టి, పసుపు చీర కట్టి తీసుకెళ్ళారు. "పుణ్యాత్మురాలు, ముత్తైదువుగా పోయింది" అని వరసలో ఆడవాళ్ళందరూ అన్నారు. అందులో పుణ్యమేమిటో నాకు తొమ్మిదేళ్ళ వయసులో అర్థం కాలేదు, ఇప్పటికీ పూర్తిగా కాలేదు. స్నేహితురాలు చెప్పిన గుర్తులన్నీ మాత్రం మా అమ్మకి సరిపోయాయి. అమ్మ ఎక్కడికీ పోలేదని, గోడవతలే ఉందని ఆ రోజు నమ్మేశాను.

నన్ను చూసుకోవడానికి మామ్మ, అంటే నాన్న తల్లి, ఊరినుంచి వచ్చింది. ఏడాది తిరక్కుండా నాన్నకి మళ్ళీ పెళ్ళి చేసింది. అలా వచ్చిన మనిషే పిన్ని. అప్పటికి పద్దెనిమిదేళ్ళుంటాయి. ఒక రేకుపెట్టె, చేతులకి పెళ్ళినాటి ఆకుపచ్చ గాజులు. హిందీ రాదు, బెంగాలీ రాదు, ఊళ్ళో సముద్రం తప్ప మరో చప్పుడు ఎరగదు. యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలినప్పుడల్లా ఉలిక్కిపడి గోడ పట్టుకునేది. అది చూసి నాకు లోపల్లోపల సంతోషంగా ఉండేది.

ఆవిడ చేతి అన్నం తిననని మొండికేశాను. "ఆకలి లేదు" అని ఒక్కటే మాట. వంకాయలో ఎండురొయ్యలు వేసి వండేది, మునగాకు వేయించేది. నోట్లో నీళ్ళూరేవి. అయినా సరే, కన్నంలోంచి దూరి స్నేహితురాలి ఇంటికి పోయి, మాషీ అని నేను పిలిచే వాళ్ళమ్మ ఆవనూనె, పచ్చిమిరపకాయ కలిపి పెట్టిన మరమరాలు తినేదాన్ని. ఆవనూనె వాసనకి ముక్కు మూసుకునే వంశం నాది! రెండు నెలలు తిరిగేసరికి ఎముకలు బయటపడ్డాయి. నాన్న రెండుసార్లు చెయ్యి చేసుకున్నాడు. పిన్ని మాత్రం అన్నం చల్లారి గట్టిపడేదాకా కంచం పట్టుకుని గుమ్మంలో కూర్చునేది. నేను తినకపోతే తనూ పస్తేనని అప్పుడు నాకు తెలియదు. తెలిసినా మానేదాన్ని కాదేమో.

ఒక మధ్యాహ్నం గిన్నెలు తోముతూ, వదులుగా జారిపోతున్న రెండు గాజులు తీసి గట్టు మీద పెట్టింది. అందులో ఒకటి నేను తీసేశాను. ఆకుపచ్చ గాజు మీద సన్నటి బంగారు రంగు చుక్కలు. పరిగెత్తి వెళ్ళి చింతచెట్టు తొర్రలో పెట్టాను. "అమ్మా, ఇది దాని గాజు. వచ్చి దాన్ని తీసుకుపో" అని చెప్పాను. బుద్ధి తెలియక చేశానని అనడం తేలికే. తెలిసే చేశాను. పిన్ని చచ్చిపోవాలనే కోరుకున్నాను.

మూడో రోజుకి పిన్నికి జ్వరం వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోయింది. "అమ్మా, ఇంటికొచ్చీస్తానమ్మా" అని పలవరించింది. తనకీ ఒక అమ్మ ఉందని, ఆ అమ్మని వదిలి వచ్చిందని అంతవరకు నాకు తట్టనే లేదు. డిస్పెన్సరీలో ఎర్రటి మందు సీసాలో పోసి ఇచ్చారు. రెండు రోజులైనా తగ్గలేదు. గాజు వెనక్కి తీసేద్దామని చెట్టు దగ్గరికి పోయాను. తొర్రలో చెయ్యి పెట్టబోతూ, లోపల అమ్మ చెయ్యి తగులుతుందేమోనని భయమేసి వెనక్కి పరిగెత్తాను. ఏడాదిగా ఏ చేతి కోసం ఏడ్చానో ఆ చేతికే భయపడ్డాను.

మామ్మ గుమ్మంలో కూర్చుని, నిప్పు కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తోంది. మావైపు ఆడవాళ్ళు అలాగే కాలుస్తారు. పక్కన కూలబడి మొత్తం చెప్పేశాను. ఒక్క దెబ్బ వేసింది, అది న్యాయమే. తర్వాత అడిగింది.

"ఆ సెట్టు మీద ఉన్నదెవులే?"

"శాక్‌చున్ని."

"అంతే ఏటి?"

మొగుడుండగానే గాజులతో, సిందూరంతో పోయిన మనిషని చెప్పాను. మామ్మ చుట్ట నోట్లోంచి తీసింది.

"ఓలమ్మ! ముత్తైదువుగా పోయిన తల్లిని పట్టుకుని దెయ్యమంతారేటే ఈల్లు? పేరంటాలే అది!"

మావైపు అంతే. ముత్తైదువుగా పోయిన ఆడమనిషిని పేరంటాలని గుడి కట్టి కొలుస్తారు, పసుపు రాస్తారు, పిల్లల్ని తీసుకెళ్ళి చూపిస్తారు. బెంగాలీ వాడంతా ఎవరికి భయపడి సంజెవేళ తలుపులు బిగించుకుంటుందో, ఆవిడని మా మామ్మ పేరంటానికి పిలవాల్సిన చుట్టాన్ని చేసేసింది. "ఇన్నేల్ల బట్టి ఒక్కరూ పసుపూ కుంకం ఎట్టినట్టు నేదు. కోపం రాదేటి మరి!" అని పైపెచ్చు ఆవిడ తరఫున నామీద కేకలేసింది.

శుక్రవారానికి జ్వరం కొంచెం నెమ్మదించింది. అది ఎర్రమందు మహిమేనని ఇప్పుడు తెలుసు. మామ్మ చలిమిడి, నానిన శనగలు, రవికెల గుడ్డ, పసుపు కుంకుమ పళ్ళెంలో సర్ది పిన్ని చేతికిచ్చింది. చెట్టు మీద ఉన్నది మా అమ్మేనని నేను నమ్ముతున్న సంగతి పిన్నికి చెప్పింది, గాజు సంగతి మాత్రం చెప్పలేదు. ముగ్గురం గోడ కన్నంలోంచి అవతలికి దూరగానే మాషీ ఎదురై రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఓ మా గో! జ్వరంతో ఉన్న కొత్త కోడల్ని శాక్‌చున్ని దగ్గరికి తీసుకెళ్తావా దీదీ? నీకు మతి పోయిందా?"

మామ్మకి బెంగాలీ రాదు, మాషీకి తెలుగు రాదు. "తప్పుకోయే తల్లీ, పేరంటానికెల్తన్నాం," అని మామ్మ పిన్ని చేత ఆవిడకీ బొట్టు పెట్టించి ముందుకు నడిచింది. వాడంతా కిటికీల సందుల్లోంచి చూస్తోంది.

చెట్టుకి పది అడుగుల దూరంలో మామ్మ ఆగిపోయింది. "మొగుడు పోయినదాన్ని, నాను ముట్టకూడదు. మీరెల్లండి," అంది. అక్కణ్ణుంచే ఎక్కడ పసుపు రాయాలో, ఎక్కడ బొట్టు పెట్టాలో అరిచి చెప్పింది.

పిన్ని మొదలుకి పసుపు రాస్తూ రాస్తూ తొర్ర దగ్గరికొచ్చింది. లోపలినుంచి గాజు తీసింది. తన గాజే. నా వైపు చూసింది. నేను నేలవైపు చూశాను. అది అక్కడ పెట్టింది నేనేనని, ఎందుకు పెట్టానో కూడా ఆవిడకి అర్థమైపోయింది. అరుస్తుందని, నాన్నకి చెబుతుందని, ఇక నాకు తోలు ఊడిపోతుందని అనుకున్నాను.

పిన్ని తన చేతినున్న రెండో గాజు తీసింది. రెండూ కలిపి తొర్రలో పెట్టింది.

"ఒక్క గాజు ఎవులైనా ఇత్తారేటే? జతగా ఇవ్వాల," అంది నాతో, మామ్మకి వినపడకుండా.

తర్వాత చెట్టు మీద అరచెయ్యి ఆనించి మాట్లాడింది. మావైపు అక్కని అప్ప అంటారు.

"అప్పా, నీ గుంట నా సేతి కూడు తినడం నేదు. నామీద కోపముంతే నన్ను తిట్టు, నన్ను కొట్టు. గుంట కడుపు మాడ్సకు. నువ్వే సెప్పు దానికి."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "మామ్మా, అమ్మ ఇందులో ఉందా?" అని గట్టిగా అడిగాను.

"నాకేటి తెలుసే, నాను సూడనేదు," అంది మామ్మ. "ఉంతే మాత్రం ఆకలితో ఉండకూడదు గదా."

పిన్ని చలిమిడి చిన్న ముద్ద చేసి చెట్టు వేరు మీద పెట్టింది. ఇంకో ముద్ద నా నోటి దగ్గర పట్టుకుంది. బెల్లం పాకం, యాలకుల వాసన. నేను నోరు తెరిచాను.

దాంతో నేను మారిపోయానంటే నమ్మకండి. ఇంట్లో కంచం ముందు కూర్చోబెడితే మళ్ళీ బిర్రబిగుసుకునేదాన్ని. చెట్టు కిందైతే తినేదాన్ని, అమ్మ చూస్తోందని. పిన్ని దానికీ సరేనంది. రోజూ సంజెవేళకి కంచంలో అన్నం కలుపుకుని, నన్ను వెంటబెట్టుకుని, కన్నంలోంచి దూరి వచ్చేది. వేరు మీద ఒక ముద్ద, నాకొక ముద్ద. వేరు మీది ముద్ద కాకులు తినేవో కుక్కలు తినేవో నేను వెనక్కి తిరిగి చూసేదాన్ని కాదు. చెట్టు చిగురు వేసినప్పుడు పిన్ని అందిన కొమ్మ వంచి ఒళ్ళో కోసుకుని పప్పులో వేసింది. చింతచిగురు తినొచ్చని బెంగాలీ వాళ్ళకి తెలియదు. శాక్‌చున్ని ఆకులు వండుకు తింటున్నారని మాషీ వారం రోజులు మా గుమ్మం తొక్కలేదు. తర్వాత గిన్నె పట్టుకొచ్చి కొంచెం అడిగింది.

వానలు పోయేసరికి నాన్నకి సంత్రాగాఛి యార్డులో పని దొరికింది, అక్కడికి మారిపోయాం. ఆపాటికి ఇంట్లోనే తింటున్నాను. తమ్ముడు పుట్టాడు. మామ్మ పోయింది. నాన్న పోయి పదేళ్ళయింది. గాజు సంగతి పిన్ని ఆ రోజు తర్వాత ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పిన్నిని పిన్ని అనే పిలిచాను. తమ్ముడు అమ్మా అని పిలుస్తుంటే పక్కనే నిలబడి పిన్నీ అన్నాను. అమ్మ అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఎందుకో అడిగితే చెప్పలేను. ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

పిన్నే ఆ చెట్టు మాటెత్తాక ఇక తప్పించుకోలేకపోయాను. స్టేషన్ బయటికి వచ్చి టోటో, అదే బ్యాటరీ రిక్షా, నడిపే అతణ్ణి పిలిచి, యార్డు వెనక పాత చింతచెట్టు ఒకటుండాలి, ఉందా అన్నాను.

"తెలెంగి బౌ చెట్టా? కూర్చోండి మాషీమా."

తెలెంగి అంటే వాళ్ళ మాటలో తెలుగువాళ్ళు. బౌ అంటే కోడలు. నేనూ పిన్నీ మొహాలు చూసుకున్నాం. ఆ పేరెందుకొచ్చిందని అడిగాను.

"మీకు తెలియదా? చాలాకాలం కిందట ఇక్కడ ఒక తెలెంగి బౌ చిన్న కూతుర్ని వదిలి చచ్చిపోయింది. మొగుడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ సవతి తల్లి మహా దుర్మార్గురాలు. పిల్లకి అన్నమే పెట్టేది కాదు. తల్లి మనసు ఊరుకుంటుందా? రోజూ సంజెవేళ చెట్టు దిగొచ్చి, పిల్లకి ముద్దలు కలిపి పెట్టేది. ఆకుపచ్చ గాజులు గలగలమంటుంటే మా నాయనమ్మ కిటికీలోంచి కళ్ళారా చూసింది. ఇప్పటికీ అన్నం తినని పిల్లల్ని అక్కడికే తీసుకొస్తారు."

బండి ఆపు అని అరవబోయాను. తినిపించింది ఎవరో, దుర్మార్గురాలు ఎవరో అతనికి వివరంగా చెబుదామని నోరు తెరిచాను. యాభై ఏళ్ళుగా బెంగాలీ మాట్లాడుతున్న పిన్నికి ప్రతి మాటా అర్థమైంది. నా మోచెయ్యి పట్టుకుని, కడుపు పట్టుకుని నవ్వింది.

"ఊరుకోవే. తినిపించింది నాను, పేరు అప్పకొచ్చింది. అప్పకే ఉండనీ," అంది కళ్ళు తుడుచుకుంటూ. "దానికి ఇంకేటి మిగిలిందే?"

మా వరస లేదు, గోడ సగం కూలింది. వంకర తిరిగిన ముక్క మాత్రం నిలబడి ఉంది. చెట్టు ఉంది. ఒక పక్క కొమ్మలు ఎండిపోయాయి, రెండో పక్క పచ్చగా ఉంది. మొదలంతా పసుపు. కొమ్మలకి దారాలు, దారాలకి ఆకుపచ్చ గాజులు. గాజులన్నీ జతలు జతలుగానే కట్టి ఉన్నాయి. ఎవరు చెప్పారో వాళ్ళకి. పక్కన ఒక చిన్న కొట్టు, అందులో పసుపు పొట్లాలు, గాజులు. ఒకమ్మాయి స్టీలు గిన్నెతో వేరు మీద కూర్చుని, మొహం తిప్పుకుంటున్న పిల్లాడికి అన్నం పెడుతోంది.

నేను పసుపు పొట్లం, గాజుల జత కొన్నాను. తిరిగి చూస్తే పిన్ని పది అడుగుల దూరంలో ఆగిపోయి ఉంది. ఒకప్పుడు మామ్మ నిలబడ్డట్టే.

"నాను ముట్టకూడదు. నువ్వెల్లు," అంది.

నేనే పసుపు రాశాను. తొర్ర పూడిపోయింది, అది ఉండే చోట మాత్రం చేతికి తెలిసింది. అక్కడ గాజుల జత పెట్టాను. అప్పుడు టోటో అతను పిన్ని వైపు చూపించి, బెంగాలీలో, "దూరంగా నిలబడ్డారేం? ఆవిడ మీకు ఏమవుతారు?" అని అడిగాడు.

"ఆమార్ మా," అన్నాను.

మా అమ్మ. తెలుగులో యాభై ఏళ్ళు ఆగిన మాట బెంగాలీలో ఏ అడ్డూ లేకుండా వచ్చేసింది. పిన్నికి వినిపించింది. నాకు తెలుసు, ఎందుకంటే ఒక్కసారిగా పమిట సర్దుకుని అటు తిరిగి యార్డు వైపు చూసింది, అక్కడ చూడ్డానికి ఏమీ లేకపోయినా.

కాసేపటికి కుంటుకుంటూ చెట్టు దగ్గరికి వచ్చింది. "పసుపు ముట్టకూడదు గానీ కూడు పెట్టొచ్చు గదా," అని, ఎవరూ కాదనకపోయినా గట్టిగా అంది. వేరు మీద కూర్చుని, బండిలో తినడానికి కట్టుకున్న పెరుగన్నం డబ్బా తెరిచింది. ఒక ముద్ద చేసి వేరు మీద పెట్టింది. ఇంకో ముద్ద చేసి నా వైపు చాచింది.

"నోరు తెరు," అంది. "బండికి ఇంకా టైముంది."